ఆంటీ చూడని అతుకు

మా పక్కింటి ఆంటీ పోయారు. మొన్న శనివారం పొద్దున అంకుల్ మా బెల్ కొట్టి, గుమ్మంలోనే నిలబడి, "ఆంటీ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందమ్మా, నిద్రలోనే" అన్నారు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. మా గరాజ్‌లో నేను చేస్తున్న సైకిల్ ఫ్రేమ్‌కి ఆమె ఇంకా చూడని ఆఖరి అతుకు గుర్తొచ్చింది. మనిషి పోతే అతుకు గోలేమిటని మీరనుకోవచ్చు. నా తీరే అంత. గాభరా ముందొస్తుంది, దుఃఖం తీరిగ్గా వస్తుంది.

ఆంటీది కాకినాడ వైపు. ఇక్కడ అమెరికాలో, టెక్సస్‌లోని కాపెల్‌లో నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం తెలుగు చర్చిలో పాటలు పాడించేవారు. మనిషి పొట్టి, నేనూ అంతే. షాపులో ఏ సైకిలెక్కినా మా ఇద్దరికీ కాళ్లందవు. ఆ ఉక్రోషంతోనే వీడియోలు చూసి, తన కొలతలకి తనే ఒక ఫ్రేమ్ చేసుకున్నారు. దాని మీదే చర్చికి వెళ్లేవారు. మలుపు తిరిగినప్పుడల్లా అది కిర్రుమనేది. నాకూ నేర్పమంటే, "నాకూ పెద్దగా రాదు. నీకంటే ఒక్క సైకిల్ ముందున్నానంతే" అన్నారు.

స్టీలు గొట్టాల చివర్లు ఆకురాయితో అరగదీసి, సందు లేకుండా కూర్చోబెట్టి, టార్చ్‌తో కాల్చి, ఇత్తడి కరిగించి అతకాలి. టార్చ్ వెలిగించే ముందు ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవారు. నేను ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఎక్కడుందో మళ్లీ చూసుకునేదాన్ని.

"తొక్కుతుంటే విరిగితే ఎలా ఆంటీ?"

"పడతావు. నేను నర్సునేగా, కట్టు కడతాను. కిర్రుమంటే కంగారు పడకు, ఊగితే మాత్రం దిగిపో."

ఇంకో మాట కూడా తరచూ అనేవారు. "భయాన్ని ఇంట్లో వదిలేసి రాలేం గానీ, హ్యాండిల్ మీద మాత్రం కూర్చోబెట్టుకోకు. వెనక క్యారియర్ మీద పడుంటుంది." చల్లారిన ప్రతి అతుకు చుట్టూ బొటనవేలు తిప్పి, నాడి చూసినట్టు చూసేవారు. "బతుకుతుంది" అని ఆమె అనేదాకా నాకు ఊపిరాడేది కాదు.

సైకిల్ పూర్తి కాకముందే నేను చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెచ్చేశాను. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!" అని ఆంటీ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వులో ఒక కాయ నా చేతిలోంచి జారి, గరాజ్ నేల మీద తనంతట తనే తలుపు వైపు దొర్లుకుంటూ పోయింది. ఆంటీ నవ్వు ఆగిపోయింది.

"అమ్మాయ్, నేల వాలుగా ఉందే!"

నీళ్లు బయటికి పోవడానికి గరాజ్ నేలని అలాగే వేస్తారు. మేమిద్దరం దాన్ని చదునే అనుకున్నాం. సీటు గొట్టాన్ని రసమట్టంతో నిటారుగా నిలబెట్టి, వెనక చక్రం బిగించే రెండు కొనల ఎత్తేమో ఆ వాలు నేల నుంచి సమానంగా కొలిచాం. వెనక భాగమంతా ఓ పక్కకి ఒరిగింది. మా వంటింటి పనిలో మిగిలిన గ్రానైట్ పలకని మట్టంగా అమర్చి, దాని మీద మళ్లీ కొలిచి, వెనక అతుకు కోసేశాం. తిరిగి అతికే రోజున ఆమెకి నీరసంగా ఉంది. "నువ్వే అతికెయ్. శనివారం వచ్చి చూస్తాలే" అన్నారు.

చర్చిలో ఆంటీ అంత్యక్రియల ప్రార్థన అయ్యాక అంకుల్ నన్ను పక్కకి పిలిచి, "తొక్కావా?" అని అడిగారు. లేదన్నాను, భయమని కూడా చెప్పాను. "రేపు నేను నిలబడతాను, తొక్కు" అన్నారు.

నిన్న పొద్దున ఆ అతుకు చుట్టూ నేనే బొటనవేలు తిప్పాను. ఒకచోట గరుకు తగిలింది. బతుకుతుందో లేదో నాకు తెలియలేదు. ఆంటీ ఉంటే ఒక్క మాటలో తేల్చేసేవారు. ఆమె లేరన్న సంగతి నాకు అప్పుడు పూర్తిగా తెలిసి, గరాజ్‌లోనే కూర్చుని ఏడ్చాను. తర్వాత చక్రాలూ చైనూ బ్రేకులూ బిగించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఎక్కి, మెల్లగా వీధిలోకి దిగాను. ఊగలేదు. చివరి మలుపులో మాత్రం వెనక నుంచి కిర్రుమంది. వెంటనే బ్రేక్ వేశాను.

మెయిల్‌బాక్స్ దగ్గర అంకుల్ కళ్లు మూసుకుని, ఆ చప్పుడు వైపు చెవి పెట్టి నిలబడి ఉన్నారు.

"ఆగకమ్మా," అన్నారు కళ్లు తెరవకుండానే. "ఇంకో రౌండ్ తొక్కు."