పిరీ వాళ్ళ నెమ్మది పాట

ఏదైనా ఆస్ట్రేలియాలో ఓ మూలనున్న మా పోర్ట్ పిరీ ఊరికి చేరేసరికి లోకంలో పాతబడిపోయి ఉంటుంది. టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ పెట్టె కూడా అంతే. జపాన్ పిల్లలు ఆడి ఆడి విసిగాక గానీ ఆస్ట్రేలియా దుకాణాల్లోకి దిగలేదు. గ్లెనిస్ ప్యాస్కో, ఆమె తమ్ముడు రాడ్ దానికోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశారు. తీరా వచ్చాక, మా టీవీల పద్ధతికి అది అసలు వేగం కన్నా నెమ్మదిగా నడిచేది. ఆ సంగతి వాళ్ళకేం తెలుసు? అందులో పాట అలాగే సాగుతుందనుకున్నారు.

రాడ్ ముప్పై నిండకముందే హైవే మీద కారు బోల్తాపడి పోయాడు. గ్లెనిస్ పెళ్ళి చేసుకోలేదు. స్కూలు క్యాంటీన్‌లో మాంసం కూరిన పైలు వేడిచేసి అమ్ముతూ ఉండగానే ఆమె జుట్టు నెరిసింది. తల్లి ఎడ్నా వృద్ధాశ్రమంలో ఉంది. మతిమరుపు ముదిరి కూతుర్ని కూడా నర్సనుకుంటుంది. అయినా ప్రతి ఆదివారం గ్లెనిస్ ఆ పెట్టె మోసుకెళ్ళి టీవీకి తగిలించేది. మొదటి పాట మోగగానే ముసలావిడ తలెత్తేది.

"ఒరే రాడ్, సౌండు తగ్గించరా! చాప్స్ చల్లారిపోతున్నాయి. గ్లెనీని కూడా పిలువు."

తల్లి నోట తన పేరు వినేది ఆ ఒక్క మాటలోనే. దానికోసమే గ్లెనిస్ వారమంతా బతికేది.

ఈ ఏడు తెర మీద గేమ్ బొమ్మ అదరడం మొదలైతే, పెట్టెని అడిలైడ్ నగరంలో పాత గేములు బాగుచేసే కెరిన్‌కి ఇచ్చింది. పెట్టె విడుదలైన రోజుని తలుచుకోవడానికి అభిమానులు అక్కడే కూడారు. వీడియో కాల్ తెర మీద జపాన్ ఒసాకా ఆయన, చలిలో తండ్రి భుజాల మీద కూర్చుని దుకాణం తెరిచేదాకా కాచుకున్న వైనం చెప్పాడు. గ్లెనిస్ తమ నెమ్మది పెట్టె కబురు చెబితే అదే తెర మీది అమెరికా ఒహాయో ఆవిడ పకపకా నవ్వింది.

"మీ ఊరి ఎండకి హీరో కూడా నడవలేకపోయాడా ఏంటి?"

ఆ గుంపులో నెమ్మదంటే రోగం కింద లెక్క. కెరిన్ గర్వంగా పెట్టె తెచ్చి గ్లెనిస్ ఒళ్ళో పెట్టాడు.

"ఇదిగో గ్లెన్! లోపల అమెరికా బోర్డు వేసేశా. ఇక అసలు వేగంతో పరిగెడుతుంది చూడు."

"మరి పాతదో?"

"ఆ చెత్త ఎందుకు? పారేశా."

అందరూ చప్పట్లు కొట్టారు. పాపం, అతని మనసు మంచిదే. మంచితనంతోనే కొంప ముంచాడు.

ఆదివారం పాట గుర్రంలా దౌడు తీసింది. ఎడ్నా విసుగ్గా ముఖం పెట్టింది.

"ఏం గోలమ్మా ఇది? కట్టెయ్యి."

ఫోన్లో గ్లెనిస్ ఏడుపు విని కెరిన్ నిలువునా నీరైపోయాడు. ఊరూరా గాలించి, అలనాటి ఆస్ట్రేలియా పెట్టె సంపాదించి, స్వయంగా ఆశ్రమానికి తెచ్చాడు. అప్పటికి కొన్ని ఆదివారాలు గడిచాయి, ఎడ్నా మతి ఇంకాస్త క్షీణించింది. పాట మళ్ళీ పాత తీరులో నిదానంగా మోగింది. ఎడ్నా కిటికీ వైపే చూస్తోంది. మళ్ళీ పెట్టారు. తల ఇటు తిప్పలేదు.

కెరిన్ గుమ్మం దగ్గర టోపీ నలుపుతూ నిలబడ్డాడు. అతని ఎదుట సిగ్గుపడే ఓపిక కూడా గ్లెనిస్‌కి లేదు. తల్లి చేయి పట్టుకుని, ఆ మాట తనే అంది.

"ఒరే రాడ్, సౌండు తగ్గించరా. చాప్స్ చల్లారిపోతున్నాయి. గ్లెనీని కూడా పిలువు."

ఎడ్నా ఇటు తిరిగి మర్యాదగా నవ్వింది.

"గ్లెనీ ఎవరమ్మా?"