కేబుల్ తీగలను కంప్యూటర్‌కు చెప్పిన రోజులు

మొన్న మా చెల్లెలి కూతురు కాలేజీ పని చేసుకుంటూ కంప్యూటర్‌లో రెండు పేర్లు కొట్టి మధ్యన బాణం గుర్తు పెట్టింది; అలా కొన్ని వరసలు కొట్టేసరికి చుక్కలూ గీతలూ ఉన్న బొమ్మ తెరమీద దానంతటదే పరుచుకుంది. దీన్ని గ్రాఫ్ అంటారు పెద్దమ్మా అని నాకు చెప్పబోయింది. అప్పటికే నా మనసు మార్టూరులో మా అన్నయ్య కేబుల్ గదికి వెళ్లిపోయింది.

తొంభైల చివర కేబుల్ టీవీ ఎలా ఉండేదో మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. గదిలోంచి బయల్దేరిన తీగ స్తంభం మీది పెట్టెకు, ఆ పెట్టె నుంచి ఇంకో పెట్టెకు, అక్కణ్ణుంచి ఇళ్లకు పాకేది. ఎక్కడ తెగినా అక్కడి నుంచి అవతల ఉన్న ఇళ్లన్నిటికీ బొమ్మ పోయేది. పత్తి బోరాలు ఎత్తుగా కట్టుకొచ్చే లారీలు సీజన్లో ఏదో ఒక వీధిలో తీగ తెంపుకుపోతూనే ఉండేవి. అన్నయ్య నిచ్చెన భుజాన వేసుకుని ఒక్కో స్తంభమే ఎక్కి వెతుక్కుంటుంటే, ఫోను దగ్గర మా వదిన తిట్లు తినేది. "డబ్బులకైతే ఒకటో తారీఖునే వస్తారు, బొమ్మ ఎప్పుడొస్తుందమ్మా?" అని ఒకావిడ దెప్పితే, "బొమ్మ కూడా మీ ఆయనలాంటిదే అక్కా, చెప్పకుండా పోతుంది, చెప్పకుండా వస్తుంది" అని నవ్వించి పెట్టేసేది.

నవ్వులతో ఎంతకాలం నెట్టుకొస్తాం? పక్కూరి నుంచి ఇంకో కేబులాయన దిగాడు. ఇంకొక్క ఆదివారం సినిమా పోతే ఆయన తీగే వేయించుకుంటామని హైవే అవతలి కాలనీవాళ్లు అన్నయ్యకు మొహం మీదే చెప్పేశారు. మేం కేబుల్ ఇచ్చే ఇళ్లలో సగం ఆ కాలనీలోవే. అవి పోతే కేబుల్ గదికి తాళం వేసుకోవలసిందే.

నేను డిగ్రీ మధ్యలో మానేసినా గ్రంథాలయం మానలేదు. బస్సెక్కి ఒంగోలు వెళ్లి, పక్కన నిఘంటువు పెట్టుకుని చదువుకున్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలే నాకు కంప్యూటరు నేర్పిన గురువులు. ఈ మాట చెప్పుకోవడానికి నాకెప్పుడూ గర్వమే. తెర అడుగున పరిగెత్తే ప్రకటనల కోసం అన్నయ్య కొన్న పాత కంప్యూటరు గదిలో ఉండేది. తీగల సంగతంతా దానికి చెబితే తెగిన చోటు అదే చెబుతుందని నాకు తోచింది.

ముందు పుస్తకంలో ఉన్నట్టే పెద్ద గళ్ల పట్టిక వేశాను. అడ్డంగా అన్ని పెట్టెలూ ఇళ్లూ, నిలువుగా మళ్లీ అవే పెట్టెలూ ఇళ్లూ. రెంటి మధ్య తీగ ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. వదిన తొంగిచూసి, "అన్నీ సున్నాలేంటమ్మాయ్, నీ డిగ్రీ మార్కులా?" అంది. కంప్యూటరు కూడా అంత పట్టిక నావల్ల కాదని మొండికేసింది. మళ్లీ పుస్తకం తెరిస్తే, రెండు పేజీల తర్వాత ఇంకో దారి ఉంది: లేని తీగల ఊసే ఎత్తకుండా, ఒక్కో పేరు పక్కన దానితో కలిసినవాటి పేర్లు మాత్రం రాసుకోమంది. అంతే. ఎవరో ఎక్కడో కూర్చుని చేసిన ఆ ఆలోచన ఎంత పొదుపైనదో, ఎంత అందమైనదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఊరంతా ఒక చిన్న ఫ్లాపీలో ఒదిగిపోయింది.

ఆ ఆదివారం సినిమా మొదలవకముందే కాలనీలో బొమ్మ పోయింది. ఫోన్లో తిట్లను పట్టించుకోకుండా వదిన ఎవరింట్లో పోయిందో, ఎవరింట్లో ఉందో అడిగి చెబుతుంటే నేను కంప్యూటర్‌లో కొట్టాను. బొమ్మ పోయిన ఇళ్ల నుంచి తీగల వెంట వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, అవన్నీ కలిసేచోట కంప్యూటరు ఆగింది: చర్చి మలుపు పెట్టె. అన్నయ్య "నీ పుస్తకం అబద్ధమాడితే రేపు నువ్వే ఎక్కుదువుగాని" అంటూ నిచ్చెన తీసుకుని సరాసరి అక్కడికే వెళ్లాడు. తీగ అక్కడే ఊడి వేలాడుతోందట. సినిమా పేర్లు పడుతుండగానే బొమ్మ వచ్చేసింది. కాలనీ మాకే ఉండిపోయింది.

తర్వాత కొన్నేళ్లకు మేడ మేడ మీదా, ఉపగ్రహం నుంచి నేరుగా బొమ్మ పట్టే చిన్న డిష్‌లు లేచాయి. ఎవరితోనూ తగవు లేకుండానే కాలనీ మెల్లగా జారిపోయింది. తీగలు అన్నయ్యే విప్పుకున్నాడు. ఇప్పుడు ఒకరింట్లో బొమ్మ పోతే పక్కింటికి తెలియనే తెలియదు. ఆ ఊరి జాబితా మళ్లీ రాయాలని కూర్చుంటే, ఒక్కో ఇంటి పేరు పక్కన ఆకాశం అని తప్ప ఇంకేమీ రాయడానికి లేదు.