చదవకుండా పెట్టిన టిక్కులు

ఇది ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. ఇప్పుడా ఉద్యోగంలో లేను కాబట్టి రాస్తున్నాను. విజయనగరంలోని ఒక చిన్న అనువాద కార్యాలయంలో స్పానిష్ విభాగంలో జూనియర్‌గా చేరిన జూన్ నుంచి మరుసటి మార్చి దాకా నేను రిజిస్టరులో అబద్ధపు టిక్కులు పెట్టాను.

అక్కడ పద్ధతి ఇది. ఇంగ్లిషు పత్రాన్ని స్పానిష్‌లోకి మార్చాక, అందులో ఏముందో తెలుగులో చెబుతూ తెచ్చినవారికి చదివి వినిపించాలి. అప్పుడే 'వినిపించడమైనది' అనే గడిలో టిక్కు, ఆ టిక్కు చూసి సీనియర్ గారి ముద్ర. కొత్తవాళ్ల ముందు నాకు గొంతు పెగలదు. ముందే టిక్కు పెట్టి, ముద్ర వేయించి, కవరు చేతికిచ్చేసేదాన్ని.

ఆ మార్చిలో శ్రీకాకుళం తీరం నుంచి అప్పన్న, అతని భార్య లచ్చమ్మ వచ్చారు. అతనికి స్పెయిన్ వాళ్ల చేపల ఓడలో పని దొరికింది. డాక్టరిచ్చిన ఆరోగ్య పత్రం స్పానిష్‌లో కావాలి. అందులో పెన్సిలిన్‌కు 'సెన్సిటివ్' అని ఉంది. ఆ వారమంతా నేను ల్యాబు రిపోర్టులు చేశాను. వాటిలో ఆ విశేషణం ఉంటే ఆ మందుకు క్రిమి లొంగుతుందని అర్థం. ఈ పత్రంలోనూ చెయ్యి అదే అలవాటులో పోయింది.

మధ్యాహ్నం కవరు అందిస్తే లచ్చమ్మ తీసుకోలేదు.

"సదివి ఇనిపించమ్మా. ఓడెక్కేది మా మావ. అందులో ఏటున్నాదో తెలీకుండా ఎలా పట్టికెల్తాం?"

"ఊరుకోయే, ఆ పాపకి సిగ్గులాగున్నాది" అన్నాడు అప్పన్న.

"సిగ్గేటి? పెళ్లిసూపులేటి?"

తలవంచుకుని చదివాను. వయసు, చూపు, వినికిడి. పెన్సిలిన్ ఇతనికి బాగా పనిచేస్తుంది.

లచ్చమ్మ లేచి నిలబడింది. "ఏటీ? ఆ సూదికే కదమ్మా ఒల్లంతా దద్దుర్లొచ్చి, ఊపిరాడక సచ్చి బతికాడు! సంద్రంలో జొరమొస్తే అదే పొడిసేస్తారు కదా!"

డాక్టరుకు ఫోన్ చేశాను. ఒంటికి పడదనే రాశానన్నారు. నా అనువాదం చింపి, పెన్సిలిన్ పడదని స్పష్టంగా తెలిసే మాటతో మళ్లీ రాశాను. ఈసారి మొదటి నుంచి చివరి దాకా వినిపించాను. సీనియర్ గారితో అక్షరదోషమని చెప్పి ముద్ర వేయించాను.

'సెన్సిటివ్' అన్న మాటకు నిఘంటువులో ఉన్న అర్థాలన్నీ నాకు తెలుసు. ఈ మనిషికి ఏది వర్తిస్తుందో తెలిసింది అతని ఇంటివాళ్లకు. వినిపించమన్న నియమం అందుకే పెట్టారు.

రిజిస్టరు వెనక్కి తిప్పాను. పేజీ పేజీకీ నా టిక్కులే. ఆ కవర్లు తీసుకున్నవాళ్లు అప్పటికే ఏయే దేశాల్లో, ఏయే సముద్రాల మీద ఉన్నారో.

లచ్చమ్మ కవరు సంచిలో పెట్టుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"నువ్వు సదివావు గాబట్టి బతికిపోయాం. అందరికీ ఇలాగే సదువుతావేటమ్మా?"