బాబాయి పక్క సీటు

మా బాబాయి ముప్పై ఒక్క ఏళ్లు పన్నెండో నంబరు సిటీ బస్సు నడిపాడు. అన్నేళ్లలో పిన్ని ఆ బస్సు ఎన్నిసార్లు ఎక్కిందో గానీ, ఒక్కసారి కూడా ఆయన పక్కన కూర్చోలేదు. డ్రైవరు పక్కన సీటుంటే కదా! వెనక సీట్లో కూర్చుని, ఆయన మెడ మీది పుట్టుమచ్చ చూసుకుంటూ ఊరంతా తిరిగేది.

అందుకే ఆయన రిటైరైన వారానికే పట్టుబట్టింది. "కొండలవైపు వెళ్దామండీ. మీ పక్కన కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ వెళ్లాలి. అంతకుమించి నాకేం వద్దు."

"దానికేం, బోలెడు బస్సులు," అన్నాడు బాబాయి.

"బస్సు మాటెత్తారో, చూడండి మరి!"

అద్దె కారు మాట్లాడింది నేనే. నాకు బుద్ధి లేక, వాళ్లు రమ్మనగానే వెనక సీట్లో సంచుల మధ్య ఇరుక్కుని బయల్దేరాను కూడా. బాబాయి నాలుగు టైర్లూ కాలితో తన్ని చూశాడు. కూర్చున్నాడు. "ఇదేంటే అమ్మాయ్, నేల మీద చతికిలబడ్డట్టుంది!" అన్నాడు. మలుపొస్తే చాలు, ఆ బుల్లి కారు వెనక ఇంకో ముప్పై అడుగుల బండి ఉన్నట్టు, రోడ్డంతా ఆక్రమించి తిప్పేవాడు. నవ్వలేక చచ్చాను.

పిన్ని ముందు సీట్లో మహారాణిలా కూర్చుంది. "ఏమండీ, ఆ వాగు చూడండి!" అంది. బాబాయి గేరు మార్చాడు. "ఏమండీ, మిమ్మల్నే!"

"నడిపేటప్పుడు డ్రైవరుతో మాట్లాడకూడదు," అన్నాడాయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

నాకు ఒళ్లు మండింది. పెళ్లానికి చెప్పే మాటేనా అది! పిన్ని మొహం చిన్నబుచ్చుకుంది.

అంతలో ఒక బస్టాపు వచ్చింది. కారు మెత్తగా వెళ్లి సరిగ్గా దాని ముందు ఆగింది. బాబాయి కాలు అలవాటుగా బ్రేకు నొక్కేసింది, అంతే. అక్కడున్న ఇద్దరు ముసలమ్మలు తలుపు తెరిచి, గంపతో సహా ఎక్కేశారు.

"లోపలికి జరగండమ్మా, లోపలికి జరగండి!" అన్నాడు మా మహానుభావుడు.

తర్వాతి స్టాపులో కట్టెడు నోటుపుస్తకాలతో ఒక పంతులుగారు. ఆపై స్టాపులో కోడిపెట్టతో ఒకాయన. ఆ కోడి నా ఒళ్లో కూర్చుంది. "బాబాయ్, ఇది కారు!" అని అరిచాను. "మరి స్టాపులో మనుషులున్నారుగా," అన్నాడు అమాయకంగా. కారంతా ఒకటే నవ్వులు. నాలుగో స్టాపులో కర్రతో ఒక కుంటి తాత నిలబడి ఉన్నాడు. పిన్ని గబుక్కున దిగి, ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, తను వెనక్కొచ్చి మా మధ్య ఇరుక్కుంది.

అప్పుడు ఎదురుగా చూసింది. బాబాయి మెడ. మళ్లీ అదే పుట్టుమచ్చ.

పిన్ని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సంత ఊళ్లో అందరూ దిగిపోయాక బాబాయి వెనక్కి తిరిగాడు. ఖాళీ అయిన ముందు సీటు చూశాడు. పిన్నిని చూశాడు. "తప్పయిపోయిందే," అన్నాడు. "స్టీరింగు చేతిలో ఉంటే నాకు ఇంకేం కనబడదు."

"అయితే ఆ స్టీరింగు ఇంకొకళ్లకి వదిలేయండి," అంది పిన్ని.

ఆ ఊళ్లోనే ఉన్న అద్దె కార్ల వాళ్లకి కారు అప్పగించి, కొండ బస్సెక్కాం. బాబాయి కిటికీ పక్కన, పిన్ని ఆయన పక్కన, నేను సంచులతో నిలబడి. కాసేపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తంటాలు పడ్డాడు. తర్వాత మొదలెట్టాడు చూడండి! "ఒసేయ్, వాగే! ఇదుగో, గొర్రెలే! ఎన్నున్నాయే బాబోయ్!" పిన్ని ఒకటి చెబితే ఆయన పది. "పెద్దాయనా, కాస్త మెల్లగా," అని కండక్టరు రెండుసార్లు మందలించాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

స్టాపు వచ్చినప్పుడల్లా బాబాయి కుడికాలు మాత్రం నేలని గట్టిగా నొక్కుతూనే ఉంది. పిన్ని అది కనిపెట్టింది. చెప్పు విడిచి, తన పాదం ఆయన పాదం మీద పెట్టింది.

తర్వాతి స్టాపులో బాబాయి కాలు కదల్లేదు. అయినా బస్సు ఆగింది.