పొలిమేర దాటొచ్చిన అన్నం

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, మా సముద్రపొడ్డు పల్లెకు వాంతిభేదుల జబ్బు ఇంకా రాలేదు. దాని భయం ముందొచ్చింది. కాకినాడ రేవుకు ఓడలు రావడం ఆగి కూలిపని పోయింది. సముద్రం పొంగి పడవ దిగనివ్వలేదు. దాచిన ఎండుచేపలు అయిపోయాయి. ఎప్పుడూ చేపకు ధాన్యం కొలిచే పక్క రైతుల ఊరు దారికి ముళ్లకంచె వేసి, గింజలడగబోయిన మా ఆడవాళ్లను కొట్టి తరిమింది. వాళ్ల గాదెలు మాత్రం నిండుగానే ఉన్నాయి. రోగం అందరికీ ఒకటేనని ఎవరైనా అంటే నాకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది.

అప్పటికి మా చెల్లెలు ఏడవడం కూడా మానేసింది.

ఒకనాటి ఉదయం ఆ ఊరివాళ్లు డప్పులతో అమ్మవారిని సాగనంపారు. బండిలో కుండెడు అన్నం, గుమ్మడికాయ, పసుపుచీర పెట్టి పక్క ఊరి పొలిమేరలోకి తోసెయ్యడం ఆనాటి ఆచారం. బండి ఎవరి నేలలో ఆగితే రోగం వాళ్లది. ఆ రోజు మా మీదికి తోశారు.

మావాళ్లు తెడ్లు పట్టుకుని అడ్డంపడ్డారు. తలలు పగిలాయి. మా బాబాయి దవడ విరిగి, నోటినిండా నెత్తురుతో ఇసకలో కూలబడ్డాడు, మళ్లీ లేచి బండిని వెనక్కి తోశాడు. పది రోజులుగా ఏ అన్నం కోసం దేబిరించామో, దాన్నే ఒకర్నొకరం చావగొట్టుకుంటూ తరుముతున్నాం. నేనూ రాళ్లు రువ్వాను.

అంతలో మా మేనత్త ఆ కర్రల మధ్యకు నడిచి, బండిమీది కుండ ఎత్తుకుంది. అవతలివాడి కర్ర ఆమె భుజం విరిచింది. మావైపు నుంచి వచ్చిన రాయి నుదురు చీల్చింది. కుండ వదల్లేదు.

"ముట్టుకోకే! ఊరు తుడిచిపెట్టుకుపోద్ది!" అని మా పల్లెపెద్ద అరిచాడు.

"పిల్లలు పోయాక ఊరెక్కడుంటది మావా?" అంది. రైతుల వైపు తిరిగి, "పొద్దున్నే వండినట్టున్నారు కామందుగారూ, ఇంకా వేడిగా ఉందండీ," అని, నెత్తురు కారుతుండగానే అందరి ముందూ ఒక ముద్ద మింగింది. కర్రలు ఆగిపోయాయి. రెండో ముద్ద మా అమ్మ చంకలో ఉన్న చెల్లెలి నోట్లో పెట్టింది.

"రాయేసినోడు కూడా రండ్రా, తిందురుగాని!"

ఆ కూడు తిని ఎవరూ చావలేదు. మా చెల్లెలు ఇప్పుడు మనవల్ని ఎత్తుకు తిరుగుతోంది.

తరవాత నాకు నేనే అక్షరాలు దిద్దుకుని, దొరికిన పుస్తకమల్లా చదివాను. కానీ ఆ రాయి నాదేనని మేనత్త పోయేదాకా చెప్పలేకపోయాను. ఈనాటికీ అన్నం కలిపేటప్పుడు కుడిచెయ్యి ఒకసారి చూసుకుంటాను. రాయి విసిరిందీ, మూడో ముద్ద అందుకున్నదీ ఆ చెయ్యే.