బొటనవేలికి ఒక గేరు

ఇప్పుడంటే సందుకొక గేర్ల సైకిల్ కనిపిస్తుంది గానీ, తొంభైల చివర మా రుద్రూర్ వైపు పల్లెల్లో దాన్ని చూడడానికి జనం చెరుకు బండ్లు ఆపుకొని దిగేవారు. పెళ్లైన మనిషిని ‘ఎందరు పిల్లలు?’ అని అడిగినంత మామూలుగా ‘ఎన్ని గేర్లు?’ అని అడిగేవారు. మా బావ దగ్గర అలాంటి సైకిల్ ఒకటుండేది. పేరుకది కొండలెక్కే సైకిల్. మా దగ్గర కొండ అన్నదే లేదు. ఎటు చూసినా చెరుకు, వరి, పసుపు. నేలంతా పీట వేసినట్టు చదును. ఉన్నంతలో ఎత్తైనది కాలువ కట్ట. బావ రోజూ సాయంత్రం ఆ కట్టనే మహా పర్వతంగా భావించి, కుడిచేతి పిడిని టకటకా తిప్పి గేర్లు మారుస్తూ ఎక్కి దిగేవాడు. (హైదరాబాద్‌లో ఎవరో వాడి అమ్ముకుంటుంటే కొని, బస్సు టాపు మీద కట్టించి తెచ్చాడు. దారి పొడవునా కిటికీలోంచి మెడ బయట పెట్టి పైకి చూస్తూ వచ్చాడని, వారం దాకా ఆ మెడ అటే ఉండిపోయిందని మా అక్క చెప్పేది.)

నేను అప్పుడు నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతున్నానని మా బాపు అనుకునేవాడు. పరీక్షల ఫలితాలు వచ్చాక ఆ అనుమానం తీరిపోయి, నన్ను అక్క వాళ్లింటికి పంపించాడు. బావ వాళ్లకు ఊరి బయట చెరుకు గానుగ, బెల్లం బట్టీ ఉండేవి. చెరుకు కొట్టే కాలంలో చేతికింద మనిషిగా ఉంటాడని బాపు ఆశ. నా సాయమంతా బట్టీ దగ్గర నిలబడి, పాకం ముదిరిందా లేదా అని రుచి చూసి చెప్పడమే. ముదరకముందు ఒకసారి, ముదిరాక ఒకసారి, అనుమానం తీరక ఇంకోసారి చూసేవాణ్ణి.

అలా నోట్లో బెల్లంతో నిలబడి ఉన్న ఒక మధ్యాహ్నమే అది జరిగింది. గానుగలో ఒక చెరుకు గడ అడ్డం తిరిగి ఇరుక్కుంటే బావ దాన్ని సర్దబోయాడు. ఎప్పుడూ చేసే పనే. ఈసారి గడతోపాటు చెయ్యి కూడా పోయింది. ఇంజను ఆపడానికి పరుగెత్తింది నేను కాదు, పాలేరు. ట్రాక్టరులో బోధన్‌కు, అక్కణ్నుంచి జీపులో నిజామాబాద్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు కుడిచేతి నాలుగు వేళ్లూ తీసేసి, బొటనవేలు ఒక్కటి మిగిల్చాడు.

ఆసుపత్రికి పరామర్శకు వచ్చేవాళ్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒకాయన తనకు తెలిసినవాళ్లలో ఎవరెవరికి కాళ్లు పోయాయో, ఎవరికి కళ్లు పోయాయో వరసగా చెప్పి, వాళ్లందరి కంటే బావ అదృష్టవంతుడని తేల్చి వెళ్లాడు. మా అక్క అత్తగారి చెల్లెలు ఒకామె కట్టు కట్టిన చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని, “పోనీ తియ్యి బిడ్డా, బొటనేలన్న మిగిలింది. బ్యాంకుల ముద్రెయ్యనీకె పనికొస్తది” అంది. బావ ఇంటర్ దాకా చదివినవాడు, సంతకం ముత్యాల్లా పెట్టేవాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇంటికొచ్చాక కూడా అలాగే పడుకున్నాడు. గానుగను తమ్ముడికి అప్పజెప్పి, మంచం దిగడం మానేశాడు. ఎడమచేత్తో అన్నం తినడం ఎవరికంట పడినా ముద్ద కిందపెట్టేసేవాడు. అందుకని కంచం లోపలి అర్రలో పెట్టి, తలుపు దగ్గరగా వేసి, మేమంతా వాకిట్లోకి వచ్చి కూర్చునేవాళ్లం. అక్క అప్పుడే బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, దారం చుట్టడం అంతా వేళ్ల పనే. బావ చూస్తున్నాడనిపిస్తే చాట పక్కకు జరిపి, చేతులు ఒళ్లో దాచుకునేది. సైకిల్ వసారాలో దుమ్ము కొట్టుకుని ఉండేది. హాండిల్ మీద అక్క తునికాకు కట్టలు ఆరవేసేది.

ఒకనాడు అక్క నన్ను పెరట్లోకి పిలిచింది. “తమ్మీ, అటుక మీది పురుగుల మందు డబ్బా పక్కింట్ల వెట్టొచ్చిన. ఆయన నిన్న అది యాడుందని అడిగిండు. చెరుకుకు కొట్టాలె అన్నడు. కొట్టే చెయ్యి యాడున్నది? నాకు భయమైతుంది. నువ్వు ఏమన్న చేసి ఆయన్ని ఇంట్లకెల్లి బయటికి తీస్కపో” అంది. ఆమె ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త సులువుగా ఉండేది.

రాత్రంతా ఆలోచిస్తే నాకు సైకిల్ తప్ప ఇంకేం తోచలేదు. పొద్దున్నే బావ మంచం పక్కన నిలబడి, “బావా, సైకిల్ బాగు చేస్కుందామా?” అన్నాను.

“ఏళ్లు లేనోనికి గేర్లెందుకురా” అన్నాడు, కళ్లు తెరవకుండానే.

“కుడి పిడిల ఉన్న గేరు ఎడమ దిక్కు మార్స్తే అయితది. నేను మార్స్త.”

ఆయన వద్దనలేదు కదా అని (నేను డిగ్రీలో భౌతికశాస్త్రం తీసుకున్నవాణ్ణి, అందులోనే తప్పినవాణ్ణి) స్క్రూడ్రైవరు, సుత్తి తీసుకుని వసారాలో కూర్చున్నాను. పిడి మామూలుగా రాలేదు. సుత్తితో ఒక దెబ్బ వేస్తే రెండు ముక్కలుగా వచ్చింది. తీగ సాగదీస్తే తెగింది. వెనక చక్రం దగ్గర చైనును ఒక పళ్ల చక్రం మీంచి ఇంకో దాని మీదికి తోసే గేరు మిషన్ ఉంటుంది. దాన్ని విప్పేసరికి లోపలి స్ప్రింగు ఎగిరి, అక్క ఆరబెట్టిన బీడీల చాటలో పడింది. అది వెతకడానికి చాట బోర్లిస్తే, పొద్దుటినుంచీ చుట్టిన బీడీలన్నీ నేలపాలు. అక్క లోపలినుంచి అరుస్తోంది. నేను స్ప్రింగును ఎటునుంచి పెట్టాలో తెలియక, సుత్తి మళ్లీ ఎత్తాను.

“అరేయ్, కింద వెట్టు సుత్తె!”

తల తిప్పి చూస్తే బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇన్నాళ్లూ మంచం దిగని మనిషి, పంచె సర్దుకోవడం కూడా మరచి వచ్చేశాడు. ముఖం కోపంతో నల్లబడింది. “నా చెయ్యి పోతే గానుగల వోయింది. నా సైకిల్‌ను నువ్వు మింగుతున్నవు గదరా! జరుగు పక్కకు!” అన్నాడు. జరిగాను. ఆయన కింద కూర్చుని, ఎడమచేత్తో ముక్కలన్నీ ఏరి, ఒక్కొక్కటీ చూసి, చివరికి నిట్టూర్చాడు. “ఏది మిగల్లే. అన్ని కొత్తయి తేవాలె. రేపు నిజామాబాద్ వోదాం.”

మర్నాడు బస్సులో ఆయన కుడిచేతిని తువ్వాల కింద దాచుకుని కూర్చున్నాడు. నిజామాబాద్ బజారులో గేర్ల సామాను ఉన్న దుకాణం ఒకటే అని చెప్పారు. దుకాణదారును అందరూ గేర్ల సేటు అనేవారు. ఆయన మాట ఆగేది కాదు. మేం చెప్పింది సగం విని, మూడు రకాల మీటలు బల్ల మీద పరిచాడు. “ఇది పిడి తిప్పే రకమన్నా, మీకు తెల్సిందే. ఇదేమో కొత్త మాల్. సూపుడు ఏలుతోని ఇట్ల గుంజుడు, గేరు వడుడు. ఒక్క ఏలుతోని అన్నా! సిన్న పోరగాడు గుడ చేస్తడు. మీరు ఒక్కసారి గుంజి సూడుండ్రి” అని మీటను బావ వైపు జరిపాడు.

బావ తువ్వాల తీసి, చెయ్యి బల్ల మీద పెట్టాడు.

సేటు మాట మొట్టమొదటిసారి ఆగింది. ఆగినందుకు ఆయనకే కంగారు పుట్టి, చాయ్ తెమ్మని కేకేశాడు. ఆ కంగారులోనే, “అన్నా, తప్పు వట్టకుండ్రి. మీ అసుంటోళ్లకు సర్కారు మూడు సక్రాల బండి ఇస్తుంది గద, కాళ్లతోని పనే లేదు. కూసొని, రెండు చేతుల తోని ఇట్ల తిప్పుకుంట పోవుడే...” అని రెండు చేతులూ గాలిలో గిరగిరా తిప్పి చూపించి, సగంలో తానేం అంటున్నాడో అర్థమై, చేతులు గాలిలోనే వదిలేశాడు.

బావ ఆ గాలిలో నిలిచిపోయిన చేతుల వైపు చూశాడు. తరువాత ఆయన గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. దగ్గు అనుకున్నాను. నవ్వు. మంచి నవ్వు కాదది, తుప్పుపట్టిన తలుపు తెరుచుకున్నట్టు వచ్చింది. “సేటూ, నా కాళ్లు మంచిగున్నయి. కాళ్లు వోయినోడు వస్తే గా బండి జెప్పు. నాకు గేరు సూపియ్యి” అన్నాడు.

ఆ తరువాత వ్యవహారం గంటల తరబడి సాగింది. నేను ఎడమ పక్కకు బిగించే మీట కొందామన్నాను. సేటు కూడా అదే అన్నాడు. బావ ఒప్పుకోలేదు. “ఎడమ చేయి హాండిల్ వట్టాలె, బ్రేక్ వట్టాలె, అన్నం దినాలె, అన్ని అదే చేస్తుంది. దీనికి” అని కుడి బొటనవేలు ఎత్తి చూపించాడు, “దీనికి ఏం పనుందిరా? బ్యాంకుల ముద్రెయ్యాల్నా?” మిగిలింది బొటనవేలితో తోసే మీట. కొత్తగా వచ్చినవి టిక్కుటిక్కుమంటూ గట్టిగా ఉన్నాయి. హాండిల్‌ను పట్టుకోవడానికి వేళ్లుంటే గదా బొటనవేలికి బలం? తోసినప్పుడల్లా ఆయన అరచెయ్యి జారిపోయేది. జారిన ప్రతిసారీ సేటూ నేనూ వేరే వైపు చూసేవాళ్లం. చివరికి సేటు అటక మీంచి ఒక డబ్బా దించాడు. ఎవరూ అడగక మూలన పడిన పాత రకం మీట అందులో ఉంది. టిక్కులు లేవు, మెత్తగా జరుగుతుంది. దాన్ని హాండిల్ చివర కాకుండా నడుమకు జరిపి పెడితే, అరచేతి కింది భాగం ఆనించి తోయడానికి కుదిరింది. బావ దాన్ని ముందుకూ వెనక్కూ ఎన్నిసార్లు తోశాడో. ఆ వేలిని చూస్తే అప్పుడే నడక నేర్చినట్టుంది.

నేను మాత్రం ఊరికే ఉండలేదు. ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు, ఇంకా దొరికితే ఇంకా కావాలని పట్టుబట్టాను. “ఇన్ని గేర్లు వెట్కొని యాడికి వోతం రా, ఢిల్లీకా? ముందల ఒక్కటి, ఎనక ఐదు. ఒక్క ఏలు ఎన్ని జూస్తది?” అని బావ తేల్చేశాడు. ఆ మీటతోపాటు ముందుకొక పళ్ల చక్రం, వెనక్కు ఐదు పళ్ల చక్రాల ఫ్రీవీలు, కొత్త చైను, గేరు మిషన్ కొన్నాం. వచ్చేటప్పుడు బస్సులో వాటిని ఆయనే ఒళ్లో పెట్టుకున్నాడు. తువ్వాల ఆ సామానుకు చుట్టాడు.

ఆ సామానంతా బావ వాళ్ల ఊరి సైకిల్ షాపులో బిగించి చూస్తే చైను జారింది, మళ్లీ విప్పి బిగిస్తే కుదిరింది. సాయంత్రం కాలువ కట్టకు వెళ్లాం. బావ ఎక్కి కూర్చుని, కొంచెం ఊగి, సర్దుకుని తొక్కాడు. కట్ట కింద బొటనవేలితో మీట తోశాడు. చైను గరగరమని పెద్ద చక్రం మీదికి ఎక్కింది. ఆయన కట్ట ఎక్కాడు. నేను కిందనుంచి పిచ్చివాడిలా చప్పట్లు కొట్టాను. అవతలి వైపు దిగాడు. దిగుతుంటే వేగం పెరిగింది. ఎడమచేతి బ్రేకు ఒక్కటే పట్టుకోవాలని మేం దారి పొడవునా అనుకుంటూ వచ్చాం. కానీ అన్నేళ్ల అలవాటు కదా, భయం వేయగానే కుడిచెయ్యి లేచింది. లేని వేళ్లతో బ్రేకు పట్టబోయాడు. చెయ్యి గాలిలోకి జారిపోయింది, సైకిల్ వంకర తిరిగి చెరుకు తోటలోకి దూరింది.

నేను పరుగెత్తేసరికి ఆయన చెరుకు మొదళ్ల నడుమ బురదలో కూర్చుని ఉన్నాడు. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. కానీ కుడిచేతిని ముఖం ముందు పెట్టుకుని చూస్తూ, పెద్దగా, నోరు తెరిచి ఏడుస్తున్నాడు. ఆసుపత్రిలో ఏడవలేదు, ఇంట్లో ఏడవలేదు. “మర్సిపోయినరా. ఉన్నయనుకున్న. ఉన్నయనే అనుకున్న” అంటున్నాడు.

నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. భుజం మీద చెయ్యి వెయ్యాలా? ఏమన్నా అనాలా? నా వయసుకు ఆ చదువు రాలేదు. సైకిల్‌ను లేపి, తలకిందులుగా నిలబెట్టి, గొంతుక్కూర్చుని, పెడలు తిప్పడం మొదలుపెట్టాను. ఏదో మహా లోపం వెతుకుతున్నట్టు చైను వైపే చూస్తూ తిప్పాను. ఒక గేరు, ఇంకో గేరు, మళ్లీ మొదటి గేరు. వెనక ఆయన ఏడుస్తూనే ఉన్నాడు. చీకటి పడేదాకా తిప్పాననిపిస్తుంది, అంతసేపు అయ్యుండదు.

చివరికి ఏడుపు ఆగింది. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

“గేర్లు సక్కగ వడ్తున్నయా?” అన్నాడు.

“వడ్తున్నయి బావా.”

“అయితే నిలవెట్టు. ఇంకోసారి ఎక్కుత.”

ఆ తరువాత అన్నీ బాగైపోయాయని చెప్పలేను. గానుగ చప్పుడు వినిపిస్తే ఆయన ఊళ్లోంచి వెళ్లిపోయేవాడు. చెరుకు కాలమంతా సైకిల్ మీదే, ఆ ఊరూ ఈ ఊరూ తిరుగుతూ గడిపేవాడు. ఆ తిరుగుడులోనే పసుపు, మక్కజొన్నలు కొనిపించే దళారీ పని అబ్బింది. అక్క బీడీల చాటను మళ్లీ ఆయన ఎదురుగానే పెట్టుకుని కూర్చుంది. కొన్ని రోజులు మాట లేకుండా గడిచేవి, కొన్ని రోజులు నన్ను తిట్టేవాడు. తిట్టిన రోజు అక్క ముఖం తేటగా ఉండేది.

ఇప్పుడు నేను ఆనాటి బావ వయసును ఎప్పుడో దాటేశాను. పరామర్శకు వెళ్లినచోట ఏం మాట్లాడాలో నాకు ఇప్పటికీ తెలియదు. మొన్న మా స్నేహితుడి భార్య పోతే వాళ్లింటికి వెళ్లాను. ఆయన నా ఎదురుగా కూర్చుని నేలకేసి చూస్తున్నాడు. నేను కాసేపు అటూ ఇటూ చూసి, లేచి, మూలనున్న టేబుల్ ఫ్యాను విప్పి ముందు పెట్టుకున్నాను. “ఏమైందే దానికి?” అన్నాడు ఆయన చాలాసేపటికి. “ఏం కాలే, సూస్తున్న” అన్నాను. ఆయన వచ్చి నా పక్కన కూర్చుని, స్క్రూలు కింద పడకుండా దోసిలి పట్టాడు.