గోడగారి వెనక గాలి లేదు

గోడగారికి ఒకటే జబ్బు. ఎక్కడికి వెళ్ళినా ఆయనే ముందుండాలి. పెళ్ళయినా, పరామర్శయినా, పళ్ళ డాక్టరు దగ్గరికయినా సరే, ఆయన వీపు చూసినవాళ్ళే గానీ ముఖం ఎరిగినవాళ్ళు ఊళ్ళో తక్కువ. ఒకసారి ఆసుపత్రిలో ఎవరినో స్ట్రెచరు మీద తోసుకుపోతుంటే, దానికీ ముందు నడిచి, రోగికంటే ముందు ఆపరేషను గదిలోకి వెళ్ళిపోయిన ఘనుడు. "మీకేం ఆపరేషనండీ?" అని నర్సు కంగారుగా అడిగితే, "నాకేం లేదమ్మా, వెనకాయనకి" అన్నాడట, వెనక్కి తిరక్కుండానే.

ఈ సంగతి అల్లుడికి పెళ్ళినాడే అనుభవమైంది. ఫోటోలు తీసే ఆయన "కొత్త జంట నెమ్మదిగా నడిచి రావాలి" అన్నాడు. వచ్చారు. ముందు మామగారు. ఛాతీ విరుచుకుని, మోచేతులు రెండూ పక్కలకి చాచి, నిటారుగా. ఆ ఫోటోల్లో పెళ్ళికొడుకుది ఒక చెవి, పెళ్ళికూతురిది ఒక చెయ్యి కనిపిస్తాయి. మిగతా అంతా మామగారే.

"మీ నాన్న ఎప్పుడూ ఇంతేనా?" అని అల్లుడు భార్యని అడిగాడు.

"నేను పుట్టినప్పుడు కూడా నాకంటే ముందు ఆయనే బయటికొచ్చుంటారు" అందామె.

ఇంతకీ గోడ అనేది ఇంటిపేరు కాదు, బిరుదు. సైకిలు పందేల ట్రాకు మీద పెట్టిన పేరు. పూర్వం ఆ పందేల్లో ఒక చిత్రమైన రకం ఉండేది. సైకిలు తొక్కేవాడికి అసలు శత్రువు పక్కవాడు కాదు, ఎదురుగాలి. ఆ గాలిని కొయ్యడానికి మొదట్లో ఇద్దరూ ముగ్గురూ కలిసి తొక్కే పొడుగు సైకిళ్ళని ముందు పరిగెత్తించేవారు. తరవాత మోటారుసైకిళ్ళు పుట్టాయి. పుట్టిన కొత్తలో అవి సైకిలుకి ఇంజను కట్టినట్టే ఉండేవి. పెడలు తొక్కితే గానీ రాజుకునేవి కావు, బెల్టు తెగితే దిగి తోసుకుంటూ రావాలి. సంసారానికి పనికిరాకపోయినా గాలిని కొయ్యడానికి పనికొచ్చాయి. మోటారు మీద ఒక మనిషి గోడలా నిలబడి దూసుకుపోతుంటే, వాడి వీపుచాటున సైకిలువాడు తుపానులో తలుపేసుకున్నంత సుఖంగా తొక్కుకుపోయేవాడు. అందుకని ఈ ఉద్యోగానికి ఒళ్ళున్నవాళ్ళకే గిరాకీ. మన గోడగారు ఉన్న ఒళ్ళు చాలదని కోటు మీద కోటు తొడిగేవారు.

ఆ పందెంలో మోటారుకి లెక్క లేదు, లెక్కంతా వెనక సైకిలుదే. అంటే గోడగారు పాల్గొన్న ప్రతి పందెంలోనూ చాంపియన్ కంటే ముందు గీత దాటింది గోడగారే, ఒక్క పందెమూ గెలవనిదీ గోడగారే. కప్పులన్నీ వెనకాయనవి. ఎప్పుడూ గోడగారి వెనకే తొక్కిన ఆ స్నేహితుణ్ణి ఊరు ఇప్పటికీ చాంపియన్ అనే పిలుస్తుంది.

ఇంకో నియమం కూడా ఉంది. మోటారు నడిపేవాడు వెనక్కి చూడకూడదు. చూశాడా, బండి వంకర పోతుంది, వెనకవాడి మూతి పచ్చడవుతుంది. అందుకని ముందువాడు నోరు మూసుకుని చెవులు తెరుచుకోవాలి. అరిచేది వెనకవాడు. "పద" అంటే వేగం పెంచాలి, "మెల్లగా" అంటే తగ్గించాలి. ఆ కేకలు వినపడ్డానికి గోడగారి తోలు టోపీకి చెవుల దగ్గర వెనక్కి తెరుచుకున్న దొప్పలుండేవి.

ఆ మోటారు ఇప్పటికీ, కూతురూ అల్లుడూ కలిసుండే ఇంటి ముందుగదిలో ఉంది. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి చోటుండదు, దానికి మాత్రం కిటికీ పక్కన వెలుతురు. అత్తగారు దాన్ని "పెద్దావిడ" అంటుంది. "పెద్దావిడకి నూనె పట్టించడం అయిందా? ఇక చిన్నదాన్ని, నాకు సంచీ అందిస్తారా?" అని ఆవిడ అడగడం, ఆయన వీపు చూపిస్తూనే సంచీ అందివ్వడం రోజూ ఉండేదే.

ముందు నడవడం ఒక్కటే అయితే అల్లుడు సర్దుకుపోయేవాడు. కానీ గోడగారు నడుస్తూ దారి పొడుగునా దండోరా వేస్తారు. "మెట్టు! ఇంకో మెట్టు! కుడిపక్క కుర్చీ! ఎడంపక్క బల్ల, మూల పొడుచుకుంటుంది, జాగ్రత్త!" దుకాణంలో దండోరా, బస్సులో దండోరా. అల్లుడి పై ఆఫీసరు భోజనానికి వచ్చిన రోజున ఆయన్ని లోపలికి తీసుకెళ్తూ, "గడప! చాప! ఎదురుగా మీ ఆవిడగారు, కాస్త లావు, తగిలేరు!" అన్నారు. ఆ ఏడాది అల్లుడికి ప్రమోషను రాలేదు. దానికీ దీనికీ సంబంధం లేదని భార్య ఇప్పటికీ అంటుంది.

"ముందుండటం ఆయన పుట్టుబుద్ధి నాయనా" అంది అత్తగారు. "ఈ దండోరా మాత్రం ఈమధ్యే మొదలైంది. వయసు మీదపడుతోంది కదా, ఏదో చాదస్తం."

చాంపియన్ రోజూ పొద్దున్నే వచ్చేవాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. టీ తాగి, ఇద్దరూ కలిసి ట్రాకుకి వెళ్ళి గ్యాలరీలో కూర్చుని, కుర్రాళ్ళు తొక్కే పద్ధతిని ఆడిపోసుకుని తిరిగొచ్చేవారు. దారిలో గోడగారు ముందు, చాంపియన్ జానెడు వెనక. "గుంట! రాయి! ఎవడ్రా ఇక్కడ తోపుడుబండి పెట్టిందీ?" అని గోడగారు అరుస్తుంటే, చాంపియన్ నవ్వుతూ అనుసరించేవాడు.

చూసినప్పుడల్లా అల్లుడి కడుపు మండిపోయేది. అతడు ఆ ట్రాకుకే మేనేజరు. పాత పందేల ఫోటోలు వెతికి గోడలకి తగిలించినవాడు. "కప్పులన్నీ గెలిచినాయన ఈ వయసులో కూడా ఈయన వీపు చూస్తూ బతకాలా? ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన్ని ముందు నడవనివ్వచ్చుగా!" అని భార్య దగ్గర వాపోయేవాడు.

ట్రాకు వార్షికోత్సవం వచ్చింది. చాంపియన్ ఒక చుట్టు తొక్కాలని జనం కోరారు. చాంపియన్ "ఈ వయసులో నాకెందుకులే" అన్నాడు గానీ, "గోడ వస్తే సరే" అని ఒప్పుకున్నాడు. అల్లుడికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. చాంపియన్ ముందు, మోటారు వెనక! జన్మలో మొదటిసారి ఆయన గీతని అందరికంటే ముందు దాటాలి. ఇక ఆలస్యం చెయ్యకుండా అలాగే పోస్టర్లు వేయించేశాడు.

పోస్టరు చూసి గోడగారు అల్లుడి గదికి వచ్చారు. మొదటిసారిగా ఆయన తలుపు దగ్గర ఆగారు.

"అల్లుడూ, ఇది మార్చెయ్యి."

"ఎందుకండీ?"

"మోటారే ముందుండాలి. అది పద్ధతి."

"పద్ధతి కాదు మామయ్యగారూ, మీ పట్టుదల. జన్మంతా మీరే ముందున్నారు. ఆయనకి ఒక్క చుట్టు వదిలెయ్యలేరా?"

గోడగారు గడప దగ్గరే నిలబడ్డారు. "నన్ను తిట్టుకో, కొట్టుకో, ఇంట్లోంచి పెద్దావిడతో సహా గెంటెయ్యి. వాణ్ణి మాత్రం ముందు పెట్టకు నాయనా" అన్నారు.

"కారణం చెప్పండి, మారుస్తాను."

"చెప్పేదైతే పోస్టరు పడకముందే చెప్పేవాణ్ణి" అని వెళ్ళిపోయారు. "తలుపు! మెట్టు!" అని ఎవరూ లేని వరండాలో అరుచుకుంటూ పోయారు. ముసలాయనకి అసూయ బుర్రకెక్కింది అనుకున్నాడు అల్లుడు. చదువుకున్నవాడు, పైగా చరిత్ర తెలిసినవాడు, అంతకంటే గొప్పగా ఏమనుకుంటాడు!

ఆ రోజు గ్యాలరీ కిటకిటలాడింది. ముఖ్య అతిథి జెండా పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. గీత మీద చాంపియన్, పాత పందెం చొక్కా వేసుకుని, సైకిలు మీద. బాగా వెనక, ఇంజను ఆపిన మోటారు మీద గోడగారు, మొహం మాడ్చుకుని. చాంపియన్‌ని అక్కడిదాకా గోడగారే తీసుకొచ్చి వదిలారు. అది పద్ధతికి విరుద్ధమని అల్లుడే ఆయన్ని వెనక్కి పంపించాడు.

అల్లుడు టోపీ అందించాడు. చాంపియన్ నవ్వాడు గానీ అందుకోలేదు. ఆయన చెయ్యి టోపీకి పక్కగా గాలిలో ఒకసారి తడిమి, అప్పుడు దొరకబుచ్చుకుంది.

"మీ మామ ఏడీ? మోటారు చప్పుడు వినపడటం లేదే?"

"వెనకున్నారండీ. ఇవాళ ముందు మీరే. పోస్టర్లో ఉందిగా!"

చాంపియన్ ముఖంలో నెత్తుటిచుక్క లేకుండా పోయింది. అయినా మర్యాద తప్పలేదు. "అలాగా. మంచిది బాబూ, మీ అందరి సరదా" అన్నాడు. తరవాత, పక్కవాళ్ళకి వినపడకుండా, "గీత ఎక్కడుంది బాబూ?" అన్నాడు.

గీత ఆయన ముందు చక్రం కిందే ఉంది. మూరెడు వెడల్పున, తెల్లగా, నిన్ననే సున్నం కొట్టించింది.

అల్లుడు గీతనీ ఆయన కళ్ళనీ మార్చి మార్చి చూశాడు. ట్రాకు పద్ధతి గుర్తొచ్చింది. ముందువాడు నోరు మూసుకోవాలి. అరిచేది వెనకవాడు. మరి ఇన్నాళ్ళూ ముందువాడు గొంతు చించుకుని మెట్టూ గుంటా అని ఎందుకరుస్తున్నాడు? గడపలూ కుర్చీ మూలలూ ఎవరి కోసం లెక్క చెబుతున్నాడు? చరిత్ర చదివి చదివి ఈ చిన్న ముక్క తట్టలేదే, ఛీ, అనుకున్నాడు.

అతిథి జెండా ఎత్తాడు. అల్లుడు ఒక్క గెంతులో వెళ్ళి జెండా కర్ర పట్టేసుకుని, మైకు లాక్కున్నాడు.

"ఆగండి! పొరపాటయింది. నాదే పొరపాటు. మామయ్యగారూ, ముందుకి రండి! మోటారే ముందు!"

గ్యాలరీ గొల్లుమంది. "మామగారికి జడిశాడురోయ్!" అని ఒకడు. "రాత్రి అన్నం పెట్టనన్నారేమో!" అని ఇంకొకడు.

"అవునండీ, జడిశాను" అన్నాడు అల్లుడు మైకులోనే. "మీకు ఆ మామగారుంటే మీరూ జడుస్తారు."

గోడగారు వెనక్కి చూడని మనిషి. కానీ పక్కగా పోతూ అల్లుడి వైపు ఒక్క చూపు చూశారు. ఆ చూపు అల్లుడు చచ్చేదాకా మరిచిపోడు. పెద్దావిడ నాలుగు దగ్గులు దగ్గి, పొగ కక్కి, రాజుకుంది. గోడగారు నిలబడ్డారు. మోచేతులు చాచారు. ఆ చప్పుడు చెవిన పడగానే చాంపియన్ వెన్ను నిటారైంది.

"పద!" అన్నాడు చాంపియన్.

వెళ్ళారు. వేగం అంటే పాతరోజుల వేగం కాదు, కానీ సిమెంటు ఒంపు దగ్గర సైకిలు ముందు చక్రం, తగిలినా దొర్లిపోయేలా మోటారు వెనక బిగించిన రోలరుకి బెత్తెడు దూరంలో అంటుకున్నట్టే నిలిచింది. "పద! పద! మెల్లగా... ఆఁ, పదరా గోడా!" అని చాంపియన్ అరుస్తున్నాడు. చెవి దొప్పలు వెనక్కి పెట్టుకున్న గోడగారు కిక్కురుమనకుండా వింటున్నారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గీత మొదట దాటింది గోడగారు. "గెలిచింది చాంపియన్!" అని మైకులో అరిచింది అల్లుడు, గొంతు పోయేటట్టు.

జనం చాంపియన్‌ని వేదిక మీద కూర్చోబెట్టి దండలు వేస్తుంటే, అల్లుడు మోటారు దగ్గరికి వచ్చాడు.

"ఎప్పటినుంచి తెలుసు మామయ్యగారూ?"

"వాడు మా ఇంట్లో టీలో చక్కెర అనుకుని ఉప్పేసుకుని, 'బాగుంది చెల్లెమ్మా' అని తాగాడు చూడు, ఆ రోజునుంచీ. మీ అత్తయ్య చూసి ఏమైనా అంటుందేమోనని నేనూ ఉప్పేసుకుని తాగాను. డోకొచ్చిందనుకో."

"ఆయన లేనప్పుడు కూడా అరుస్తారెందుకు? ఆ రోజు మా ఆఫీసరు..."

"వాడున్నప్పుడే అరిస్తే వాడికి తెలిసిపోదుటయ్యా? జబ్బన్నాక అన్ని పూటలా ఉండాలి, అందరి దగ్గరా ఉండాలి. కళ్ళు పోయాయని ఊరికి తెలిస్తే జాలి పడతారు. జాలి పడితే వాడు గడప దాటడు. నాకు తెలుసని వాడికి మాత్రం తెలియనివ్వకు."

అల్లుడు దండం పెడదామనుకున్నాడు గానీ, ఆయన అప్పటికే వీపు తిప్పేసి బెల్టు బిగించుకుంటున్నారు.

సభ అయిపోయింది. గోడగారింకా పెద్దావిడ పొగ తుడుస్తూనే ఉన్నారు. వేదిక అంచున చాంపియన్ ఒక్కడే, దండలతో, కదలకుండా నిలబడి ఉన్నాడు. అల్లుడు చరచరా వెళ్ళి ఆయనకి ముందు నిలబడ్డాడు. ఛాతీ విరిచాడు. సిగ్గేసింది గానీ, గొంతెత్తాడు.

"మెట్టు! ఇంకో మెట్టు! ఎడంపక్క మైకు స్టాండు!"

చాంపియన్ పకపకా నవ్వాడు. "నీకూ అంటుకుందా మామ జబ్బు?" అని అతడి భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగాడు. "గీత ఎక్కడని అడిగినప్పుడే నీకు తెలిసిపోయిందిలే. ఒక్క ఉపకారం చెయ్యి బాబూ. నా కళ్ళ సంగతి మీ మామకి చెప్పకు."

"ఎందుకండీ?"

"తెలిస్తే వాడు నా చెయ్యి పట్టుకుని పక్కన నడుస్తాడు. ముందు నడవడమంటే వాడికి ప్రాణం, పాపం. ఎందుకు ఆ సరదా పాడుచెయ్యడం? ఏదో వాడి చాదస్తం, నేను సర్దుకుపోతున్నాను."

అల్లుడు నవ్వాలో ఏడవాలో తెలియక, "గుంట!" అని అరిచాడు. అక్కడ గుంట లేదు.

అలాగే ఆయన్ని వెంటబెట్టుకుని గేటు దాకా నడిచాడు. గేటు దగ్గర వెనకనుంచి పెద్దావిడని తోసుకొస్తున్న చప్పుడూ, ఒక ఆయాసమూ వినిపించాయి. గోడగారు ఎవరి వెనకయినా నడవడం ఊరు చూడటం అదే మొదలు.

"అల్లుడూ!" అన్నారు గోడగారు. "ఆ మోచేతులు కాస్త వెడల్పుగా పెట్టవయ్యా. వెనక మాకు గాలి కొడుతోంది."